బావ మార్చిన అక్షరాలు

మా బావకు టైపు మిషన్లు బాగుచేయడం తప్ప వేరే లోకం లేదు. అన్నం ముందు కూర్చున్నా గోళ్ల సందుల్లో రిబ్బను సిరా. "చేతులు కడుక్కో బావా, అన్నంలో అక్షరాలు పడతాయి" అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

మా అక్క ఆఫీసులో టైపిస్టు. ఒక సాయంత్రం బావ కొట్టు షట్టరు దించబోయి ఎడమచేతి రెండు వేళ్లు పోగొట్టుకుంది. మళ్లీ టైపు పరీక్ష గట్టెక్కితేనే ఉద్యోగం అన్నారు ఆఫీసులో. అక్క తిండి మానేసి గోడకేసి తిరిగి పడుకుంది.

బావ ఇంట్లో ఉన్న మిషన్ విప్పి, పోయిన వేళ్ల వంతు అక్షరాలను ఊడదీసి, మిగిలిన వేళ్లకు అందేచోట అతికించడం మొదలుపెట్టాడు.

"ఉన్న వరుస పాడుచేస్తావేంటి బావా?"

"ఆ వరుసేమన్నా దేవుడు పెట్టాడా? అక్షరాలు కొట్టే కడ్డీలు పక్కపక్కవి ఒక్కసారే లేస్తే చిక్కుకుంటాయని అక్షరాల్ని అలా చెల్లాచెదురు చేశారంటారు. ఇనప కడ్డీల కోసం మార్చారు కదా, మీ అక్క కోసం నేను మార్చకూడదా?"

లైటు పట్టుకుని పక్కన కూర్చున్నాను.

ఆయన వరుసలోనూ కడ్డీలు చిక్కుకున్నాయి. తిట్టుకుంటూ విప్పాడు, మళ్లీ అతికించాడు. చివరికి కుదిరింది. పాత అలవాటు వదిలించుకోవడానికి అక్క నానా తంటాలు పడింది. ఆ తరవాత చూడాలి, మీటల వంక చూడకుండా ఏకధాటిగా కొట్టేది.

టైపు పరీక్షకు సొంత మిషన్ తెచ్చుకోవడం మామూలే. మేమూ ఆటోలో వేసుకుని వెళ్లాం. ఆఫీసరు మీటలు చూసి నొచ్చుకుని, ఆఫీసు మిషన్ చూపించాడు.

"రేపు ఉద్యోగంలో ఇక్కడి మిషన్ మీదే కొట్టాలి కదమ్మా? దీనిమీదే కొట్టండి."

ఆ మాటలో తప్పేముంది? అంత చిన్న ముక్క మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదే! ఎంత మొద్దులం!

అక్క చేతులు బావ వరుసలోనే పరిగెత్తాయి. కాగితం నిండా పిచ్చిరాత. ఆగి, పాత వరుస గుర్తుతెచ్చుకోబోయింది. అదీ రాలేదు. కాగితం తీసుకునేదాకా తల ఎత్తలేదు. ఉద్యోగం పోయింది.

ఇంటికొచ్చాక బావ స్క్రూడ్రైవరు తీశాడు. "అన్నీ ఎక్కడివక్కడ పెట్టేస్తాను. మళ్లీ నేర్చుకుందువుగాని."

అక్క మీటల మీద చేతులు కప్పింది. "వద్దండీ. మళ్లీ మరిచిపోయే ఓపిక నాకు లేదు. దీనిమీదన్నా నాకు టైపు రానీయండి."

బావ కిందే కూలబడి, నా వంక చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"షట్టరు కింద రెండు వేళ్లే పోయాయి కదమ్మా. మిగతా ఎనిమిదీ నేనే పోగొట్టాను."