పిగిలిపిట్టల కాపలా

దీపావళి మర్నాడు పొద్దున చిల్కానగర్‌లో మా గల్లీ అంతా కాలిన కాగితమూ గంధకమూ కలిసిన వాసన వేస్తుంది. అందరూ ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని ఊడ్చుకుంటూ ఉంటే, నేను గేటు దగ్గర నిలబడి ఆ గాలి గుండెనిండా పీలుస్తాను, దగ్గొస్తుందని ఇంట్లోవాళ్ళు ఎంత మొత్తుకున్నా వినను. లోకానికి గంధకమంటే టపాకాయలు, నాకు మాత్రం ద్రాక్షతోట. బూడిదతెగులు రాకుండా మా నాయిన పల్చటి గుడ్డలో గంధకం పొడి మూటగట్టి, ఆకుల మీద మంచు ఆరకముందే పందిరి కింద నడుస్తూ దులిపేవాడు. పని ముగించి ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమ్మలు, మీసాలు పసుపు పూసినట్టుండేవి, అమ్మ నవ్వేది.

ఇప్పుడు చెబితే నమ్మరుగానీ, అరవైల్లో ఉప్పల్ నుంచి నాచారం దాకా ఎటు చూసినా ద్రాక్షతోటలే. వరసగా పాతిన రాతికడీలు, వాటి మీద లాగి కట్టిన ఇనుపతీగెలు, ఆ తీగెల మీద పాకిన పందిళ్ళు, మిట్టమధ్యాహ్నం కూడా కింద నడిస్తే ఒంటికి తగిలే ఆకుపచ్చని చల్లదనం. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన నాయిన నాచారం పక్కన ఒక దొర తోటలో మాలిగా కుదిరాడు. బావి పక్కన రెండు గదుల పెంకుటిల్లు మాది. క్రిస్మస్ అయిన రెండు నెలలకు గుత్తులు తేనెరంగు తిరిగేవి. ఇక అక్కణ్ణుంచి నా కొలువు మొదలయ్యేది.

నా కొలువంటే పిట్టల్ని తోలడం. ఖాళీ కిరసనాయిలు డబ్బా ఒకటి మెడకు వేలాడదీసుకుని, బడికి ముందూ బడి తర్వాతా తుమ్మకట్టెతో దాన్ని బాదుతూ సాళ్ళ వెంట తిరగాలి. రామచిలకలు గుంపుగా వచ్చి గుంపుగా లేచిపోయేవి, గోరింకలు నాలుగడుగులు నడిచి నన్ను తిట్టి మరీ పోయేవి. పిగిలిపిట్టల తీరే వేరు. నెత్తిన నల్లటి జుట్టు నిక్కబొడుచుకుని, తోక కింద ఎర్రటి గుడ్డ చెక్కుకున్నట్టు, దొంగతనానికి వచ్చినా పెళ్ళికి పిలిస్తే వచ్చినంత దర్జాగా ఉండేవి. పైగా పండు మొత్తం తినవు. ఒక్క పోటు పొడిచి, పక్క గుత్తికి పోతాయి. అందుకే నాయినకు వాటి మీద అంత మంట. నేను వాటిని చూస్తూ నిలబడిపోయేదాన్ని, చెయ్యి ఆగిపోయేది. వెంటనే బావిగట్టు మీద నుంచి నాయిన కేక వినబడేది.

"డబ్బా ఆగిందేందే? పిట్టలకు దావతిస్తున్నవా?"

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కోత అయిపోయిన ఏప్రిల్‌లో, బావికి దగ్గరి సాలులో ఒక కొమ్మ మీద పిగిలిపిట్ట గూడు కనబడింది. దోసిలంత గూడు, లోపల ఎర్రచుక్కల గుడ్లు మూడు. ఎవరికీ చెప్పలేదు. రోజూ బువ్వ తిన్నాక పోయి ఒక్కసారి తొంగిచూసి వచ్చేదాన్ని. గుడ్లు పిల్లలయ్యాయి, గూడంతా నోళ్ళయింది.

ఈస్టర్ వచ్చింది. గంజితో గడిపిన శుక్రవారం తర్వాత ఆదివారం నాటి బగారా అన్నం, కోడికూర, సేమియా పాయసం ఎంత తిన్నా తనివి తీరేది కాదు. ఆ ఏడు మాత్రం నాకు ముద్ద దిగలేదు. ఈస్టర్ మర్నాడే తోటకు కత్తెర పడాలన్నది నాయిన పెట్టుకున్న నియమం. ఎండాకాలం కత్తెరంటే ఆకు కొమ్మ ఏదీ మిగలదు, పందిరి మొత్తం బోడి అవుతుంది. అన్ని చెట్లకూ ఒకే వారంలో కత్తెర పడితేనే చిగురు ఒక్కసారి వస్తుంది. ఒక్కటి వెనకబడినా తెగులు దాన్ని పట్టుకుని తోటంతా తిరుగుతుందని నాయిన భయం.

కత్తెర పనికి ఉప్పల్ నుంచి యాదగిరి మామ మనుషులను తీసుకుని వచ్చేవాడు. మంగళవారం ఆయన బావి సాలుకు రాగానే నేను చేతులు చాపి అడ్డం నిలబడ్డాను.

"మామా, జర ఆగు. గూడున్నది."

ఆయన తొంగిచూసి నాయినను పిలిచాడు. నాయిన గూడునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "పిట్టల్ని తోలుమంటే పెంచుతున్నవా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, అయినా పక్కకు జరగలేదు.

"పోనీ తియ్యి బావా, ఆ ఒక్క కొమ్మ ఇడిశిపెడదాం" అన్నాడు యాదగిరి మామ.

ఆదివారం తోట చూడటానికి దొర వస్తాడు. అందుకే నాయిన గడువు పెట్టాడు: "శనివారం పొద్దుగూకేదాంక సూస్త. అటెన్క కోసుడే."

గెలిచానని ఎగిరి గంతేశాను. గురువారానికిగానీ మేం చేసిన పొరపాటు తెలిసిరాలేదు. తోటంతా గుండు గీసినట్టయింది, నడుమ ఆ ఒక్క కొమ్మ పిలకలా పచ్చగా నిలబడింది. దాచామనుకున్న గూడును ఊరందరికీ చూపించినట్టయింది. పొద్దున్నే కాకులు దిగాయి, వాటి వెనక ఎర్రరెక్కల జెముడుకాకి. పిగిలిపిట్టలు రెండూ అరుస్తూ వాటి మీదికి దూకుతున్నాయి. నేను ఇంట్లోకి పరుగెత్తి డబ్బా తెచ్చుకున్నాను. ఇన్నాళ్ళూ ఏ పిట్టలను తోలానో ఆ పిట్టల కోసమే బాదడం మొదలుపెట్టాను.

బడికి సెలవులు. నీడ లేని పందిరి కింద, తలకు తడిగుడ్డ చుట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. అమ్మ తిడుతూనే మజ్జిగ తెచ్చిచ్చేది. కాకి వస్తే బాదడం, పోతే ఊపిరి పట్టి చూడటం. తల్లీ తండ్రీ వంతులేసుకుని పురుగులు తేవడం, పిల్లల రెక్కల మీద ఈకలు విచ్చుకోవడం నేను చూశాను. మొదట్లో నా డబ్బాకు బెదిరిపోయిన తల్లి, మూడోనాటికి నేను బాదుతుంటే కడీ మీద నుంచి కదలనైనా కదల్లేదు. నా బతుకులో అంతటి మర్యాద నాకు ఇంకెవరూ చేయలేదు.

శనివారం పొద్దున రెండు పిల్లలు ఎగిరిపోయాయి. మూడోది గూటి అంచున కూర్చుని కదలనంది. సాయంత్రం నాయిన కత్తెర పట్టుకుని వచ్చాడు. పిల్లను చూశాడు, పొద్దును చూశాడు. కత్తెర కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు. అవతల కడీ మీద తల్లి నోట్లో పురుగు పెట్టుకుని పిలుస్తోంది. పిల్ల ఒంగింది, జారింది, పడిపోయిందనుకునేలోగా రెక్కలు కొట్టి ఇనుపతీగె అందుకుంది. అక్కడినుంచి కంచె తుమ్మచెట్టులోకి తేలిపోయింది. నేను సంతోషం పట్టలేక కట్టె ఎత్తి డబ్బా మీద ధణధణా వాయించాను.

"ఊకోవే! డబ్బా కొట్టకు, బెదురుతయి!" అన్నాడు నాయిన.

అన్నాక తనకే నవ్వొచ్చింది. నేనూ నవ్వాను, ఇద్దరం కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాం. ఆ తర్వాతే కొమ్మ కోశాడు. మరుసటి ఏడు కత్తెర పట్టే ముందు నాయినే యాదగిరి మామ మనుషులను ఆపి, "ముందుగాల గూళ్ళు సూడున్రి" అన్నాడు. ఆ మాట ఆ తోట ఉన్నన్నాళ్ళూ నడిచింది.

తోట ఇప్పుడు లేదు. కడీలు పీకేశారు, బావి పూడ్చారు, నాచారంలో ఫ్యాక్టరీలూ వాటి పక్కన ఇళ్ళూ లేచాయి, ఉప్పల్ ద్రాక్ష అంటే ఈ కాలపు పిల్లలు ఎగాదిగా చూస్తారు. నాయినా లేడు, యాదగిరి మామా లేడు. ఆ వేసవి నుంచి నేను మాత్రం పిట్టలను చూడటం మానలేదు. చెరువుల వెంట, అడవుల వెంట, వాటి కోసం తిరగని చోటు లేదు. ఎంతో అందమైనవి, ఎంతో అరుదైనవి చూశాను. అవన్నీ వాటంతట అవి ఎగిరినవే. నేను నిలబడి గెలిపించుకున్నవి మాత్రం ఆ మూడే.