ఖాళీ గడిలో టిక్కు

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. దానికి మేమిచ్చిన మర్యాద తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గాని, దేవరకొండలో మా బావ ఫోటో స్టూడియోలో ఒక ఆదివారం అది నన్ను పెట్టిన తిప్పలు తలచుకుంటే ఈ వయసులోనూ పళ్లు కొరుక్కుంటాను. (ఆనాటి డైరీ పేజీలో ఒకటే మాట ఉంది: "విసుగు". కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాను.)

అప్పటికి నేను మండల ఆఫీసులో కొత్త గుమస్తాను. కంప్యూటర్ ట్రైనింగుకు పంపితే ఉత్తరాలు టైపు చేయడం నేర్చుకొచ్చాను. అంతమాత్రానికే మా అక్క నన్ను ఇంజనీరును చేసేసింది. బావ ధైర్యం చేసి స్టూడియోకు కంప్యూటర్ కొన్నాడు. ఫోటోలను అందులోకి ఎక్కించే స్కానరు మాత్రం నల్గొండలో ఆయన స్నేహితుడి దగ్గరే ఉండేది. అక్కడ ఎక్కించిన ఫోటోను ఫ్లాపీలో తెచ్చుకుని ఇక్కడ దిద్దాలి.

ఆ పొద్దున పక్క ఊరి రైతు ఒకాయన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. తండ్రి పోయాడు, మర్నాడే దినాలు, దండ వేయడానికి పటం కావాలి. ఆ పెద్దాయన జీవితంలో దిగింది ఒక్కటే ఫోటో. కుర్చీలో ఆయన, పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసిన భార్య. నాలుగు రోజుల ముందే ఇచ్చిపోయిన ఆ ఫోటోను నల్గొండలో ఎక్కించి, ఆయన వరకే కత్తిరించి బావ ఫ్లాపీలో తెచ్చాడు గాని, చెయ్యి మాత్రం భుజం మీదే మిగిలింది.

"గా చెయ్యి తీసెయ్యాలె సార్," అన్నాడు కొడుకు. "అమ్మ సల్లంగ ఉన్నది గద. బతికున్న మనిషి చెయ్యి దండ కింద ఉండొద్దని మావోళ్లు అంటున్నరు. ఆఖరి బస్సుకు పోవాలె మేము."

"గదెంత పని! మా బామ్మర్ది ఉన్నడు," అన్నాడు బావ.

ఫోటో మీద నొక్కగానే పెద్దాయన తెర నిండా ప్రత్యక్షమయ్యాడు. అయితే అది ఉత్త చూసే ప్రోగ్రాం. పెద్దది చేయొచ్చు, చిన్నది చేయొచ్చు, ప్రింటు తీయొచ్చు, తుడవడానికి రబ్బరు లేదు. వేరేదానితో తెరవబోతే, దేనితో తెరవాలో ఎంచుకోమని ఒక జాబితా వచ్చింది. దిద్దడమంటే నాకు తెలిసింది ఉత్తరాలు దిద్దడమే కనుక టైపు చేసే ప్రోగ్రాంనే ఎంచుకున్నాను. అడుగున "ఇకపై ఎప్పుడూ దీనితోనే తెరువు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం, దాని పక్కన ఒక ఖాళీ గడి. ఏ గడీ ఖాళీగా వదలకూడదన్నది మా ఆఫీసులో మొదటి పాఠం (వదిలితే మా పెద్ద గుమస్తా కాగితం మొహాన కొట్టేవాడు). బుద్ధిగా టిక్కు పెట్టాను.

పెద్దాయన మాయమైపోయాడు. ఆయన జాగాలో చుక్కలు, సున్నాలు, ఏ భాషకూ చెందని గుర్తులు. బావ కంగారుగా ఒక పెళ్లి ఫోటో తెరిచాడు. అదీ చుక్కలే. బడిపిల్లల ఫోటోలూ చుక్కలే.

"ఏంది బామ్మర్దీ, దుకాణం మొత్తం ముంచినవ్? పెండ్లిపిల్ల ఏదిరా?"

"ఫికర్ చెయ్యకు బావా, అందరు లోపల్నే ఉన్నరు. నేనే దర్వాజ తప్పు తెరిచిన."

"నీ దర్వాజలు సల్లగుండ!"

లెక్కల ప్రోగ్రాంతో ప్రయత్నించాను, తెరవనంది. పాటల ప్రోగ్రాం గుర్రుమని ఊరుకుంది. ప్రతిసారీ అదే గడి, ప్రతిసారీ నా టిక్కు. చేతగాని ప్రతి ప్రోగ్రాంకూ నా చేత్తో నేనే పర్మినెంటు ఉద్యోగం ఇస్తూ పోయాను. మధ్యలో కరెంటు పోయి, మా సహనం కూడా పోయాక వచ్చింది. కొడుకు మాటిమాటికీ రోడ్డు మీదికి వెళ్లి బస్సు కోసం చూసొస్తున్నాడు. బెంచీ మీద అవ్వ మాత్రం కదలలేదు. "బతికినన్నాళ్లు గూడ గిట్లనే. ఒక్క పిలుపుకు పలికిన మనిషి కాదు," అంది తనలో తాను.

పొద్దు వాలుతుండగా రంగుల డబ్బా బొమ్మ ఉన్న ప్రోగ్రాం కంటపడింది. నొక్కాను. పెద్దాయన రబ్బరును వెంటబెట్టుకుని మరీ తిరిగొచ్చాడు. బావ నా వీపు చరిచాడు. నేను రబ్బరును భుజం దాకా తెచ్చాను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అవ్వ లేచి వచ్చింది.

"నీ చెయ్యి తుడుస్తున్న అవ్వా."

"ఎవలు తుడవమన్నరు?"

కొడుకు దండ సంగతి చెప్పబోయాడు. ఆమె వినలేదు.

"జాతరల దిగినం గా ఫోటో. నలుగురు చూస్తున్నరు, చెయ్యి తియ్యే అన్నడు మీ నాయిన. అప్పుడే తియ్యలే, ఇప్పుడు తీస్తనా? దండ నా చెయ్యి మీదికెల్లే ఎయ్యిరి."

కొడుకు నా వైపు తిరిగాడు. "ఉన్నదున్నట్టే ఇయ్యిరి సార్," అన్నాడు.

ఉన్నదున్నట్టు ప్రింటు తీయడానికి పొద్దున మొట్టమొదట తెరుచుకున్న ఆ చూసే ప్రోగ్రామే చాలు! అవ్వను ఒక్కమాట అడగాలని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. పటం ఒళ్లో పెట్టుకుని ఆమె ఆఖరి బస్సెక్కింది. బావ నాతో రెండు వారాలు మాట్లాడలేదు.

ఇప్పుడు నా ఫోను కూడా ఫోటో తెరవబోతే అదే అడుగుతుంది: ఈ ఒక్కసారికా, ఎప్పుడూనా? నేను "ఈ ఒక్కసారికే" అని నొక్కుతాను. "రోజూ గదే అడుగుతది తాతా, ఎప్పుడూ అని నొక్కరాదు?" అని మనవరాలు విసుక్కుంటుంది. "ఎప్పుడూ" అని నొక్కడానికి ఆ అవ్వకున్నంత ధైర్యం కావాలి, నాకింకా రాలేదు.