నాలుగో గేరు

బ్రేకక్క చెప్పులు ఎప్పుడు కొన్నా ఎడమదే ముందు అరిగిపోతుంది. కుడిది ఇంకా షాపులోంచి తెచ్చినట్టే ఉంటుంది, ఎడమదానికి బొటనవేలి కింద చిల్లు పడుతుంది. చెప్పులు కుట్టే ఆయన మొదట్లో ఆశ్చర్యపోయాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఇప్పుడు ఆవిడ మలుపు తిరగగానే ఎడమ చెప్పు కోసం చెయ్యి చాపేస్తున్నాడు.

అదంతా ఉద్యోగం చలవ. ఆవిడ డ్రైవింగు స్కూల్లో బండి నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు కూర్చుంటే, తను వాళ్ళ ఎడమ పక్క సీట్లో కూర్చుంటుంది. అక్కడ కాళ్ళ దగ్గర స్కూలువాళ్ళు బిగించిన రెండో బ్రేకు ఉంటుంది. స్టీరింగు లేదు, యాక్సిలరేటరు లేదు, ఉన్నదల్లా ఆ బ్రేకొక్కటే. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ ఎడమ కాలు దానికి కాపలా కాస్తోంది. ఆ కాలి పుణ్యమా అని ఎన్ని కుక్కలు, ఎన్ని సైకిళ్ళు, ఎన్ని ప్రహరీ గోడలు బతికి బట్టకట్టాయో లెక్కలేదు. స్టీరింగు పట్టుకుని వణికేవాళ్ళకు ఆవిడ చెప్పే మాట కూడా ఒక్కటే: “భయపడకండి, నేనున్నాగా.” అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు. ఊళ్ళో సగం మంది డ్రైవర్లకు ఆవిడ బ్రేకక్క.

స్కూలుకున్నది ఒకే ఒక్క చిన్న తెల్లబండి. దాని గుణగణాలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. తెలియనిది నాలుగో గేరు ఒక్కటే. నేర్చుకునేవాళ్ళు చచ్చీచెడీ మూడో గేరుకు వచ్చేసరికి కోర్సు అయిపోతుంది. ఎవరైనా నడిరోడ్డు మీద బండి ఆపేసి బిక్కమొహం వేస్తే తనే వెళ్ళి స్టీరింగు పట్టుకునేది కానీ, పక్కన గజగజలాడే మనిషిని పెట్టుకుని నాలుగో గేరు ఎలా వేస్తుంది? ఒకసారి ధైర్యం చేసి ఓనరుగారిని అడిగింది.

“ఓనరుగారూ, ఒక్కసారి ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళొస్తానండీ. ఊరికే, ఎలా పోతుందో చూద్దామని.”

“నలభై దాటితే తలుపు ఊడి చేతికొస్తుందమ్మా. అయినా బ్రేకు వేసే మనిషికి గేరెందుకు?” అన్నాడాయన, నవ్వుతూనే. నవ్వుతూ అన్నా గుచ్చుకోవాల్సిన చోటే గుచ్చుకుంది.

ఇప్పుడు ఆ బండికి కాలం చెల్లింది. వచ్చే వారం శుక్రవారం పాత ఇనుము వాళ్ళు తీసుకుపోతారనీ, కొత్తది వస్తుందనీ ఓనరుగారు చెప్పాడు. కొత్త బండి అంటే అందరికీ సంబరమే. బ్రేకక్కకు మాత్రం ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆ బండి ఇంట్లో టీవీలో కనబడింది.

కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మొదటి జీతంతో కారు పందేల వీడియో గేమ్ కొని, నెల తిరక్కుండానే విసుగొచ్చి వదిలేసింది. తల్లి పట్టుకుంది. పందొమ్మిదేళ్ళు బ్రేకు తప్ప ఎరగని మనిషికి యాక్సిలరేటరు దొరికితే ఊరుకుంటుందా? అయితే చేతిలో పట్టుకునే ఆ రిమోటులో బ్రేకు ఎడమ చూపుడువేలి కింద ఉంటుంది. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడల్లా వేలు కదిలేది కాదు, ఎడమ కాలు మాత్రం నేలను ఠపీమని తన్నేది. బండి పోయి గోడకు గుద్దుకునేది. కింద వాటావాళ్ళు రెండుసార్లు పైకొచ్చి, ఏం దంచుతున్నారండీ అని అడిగి వెళ్ళారు.

తర్వాత ఒక కిటుకు కనిపెట్టింది. మలుపులో బ్రేకు వెయ్యకుండా పక్కబండికి ఆనుకుని తిరిగిపోవడమే. పక్కవాడు గడ్డిలోకి పోతాడు, మనం ముందుకు పోతాం. పగలంతా “తగలకుండా వెళ్ళండి” అని గొంతు చించుకునే మనిషి సాయంత్రం ఇంట్లో చేసే ఘనకార్యం ఇదీ. పోనీలెండి, మనిషన్నాక ఎక్కడో ఒకచోట కసి తీరాలి.

ఆ గేమ్‌లో పాత బండ్ల కొట్టు ఒకటుంది. ఒక గురువారం సాయంత్రం అందులోకి ఆ తెల్లబండే వచ్చింది, అదే రకం, అదే రంగు. వెల పన్నెండు లక్షల నాణేలు. పై వారం ఆదివారం సాయంత్రం ఆరింటికి మళ్ళీ తీసేస్తారట.

“ఇనుము కింద తూచేసే బండికి పన్నెండు లక్షలా?” బ్రేకక్క ఒంటికాలి మీద లేచింది.

“దొరకదు కాబట్టి అంతమ్మా. అసలు డబ్బులు పెట్టి నాణేలు కొనుక్కోవచ్చు. కొననా?”

“ఒక్క పైసా పెట్టినా ఊరుకోను. నడిపి సంపాదిస్తా.”

చేతిలో ఉన్నవి మూడు లక్షలు. ఎక్కువ నాణేలొచ్చే పందెం ఒక్కటే, ఎక్కడెక్కడివాళ్ళో ఇంటర్నెట్లో కలిసి ఆడేది, చెరువు చుట్టూ మూడు చుట్లు. మొదటొస్తే తొమ్మిది వేలు. అదే చెరువు, అదే వంతెన, అదే మలుపు, మళ్ళీ అదే చెరువు. గానుగెద్దుకైనా చివరికి కాస్త నూనె కనబడుతుంది. ఆడుకోవడానికి కూర్చున్నవాళ్ళ చేత కూడా చాకిరీ చేయించుకోవచ్చని కనిపెట్టిన మహానుభావుడెవడో గానీ, వాడికి దూరం నుంచే ఒక దండం పెట్టాలి. మూడో రోజుకు బ్రేకక్కకు కళ్ళు మూసుకున్నా చెరువే కనబడసాగింది.

భర్త దర్జీ. ముందుగదిలో మిషను పెట్టుకుని బడిపిల్లల చొక్కాలకు కాలర్లు కుడతాడు.

“పొద్దుట్నుంచి నూట ఇరవై కాలర్లు కుట్టాను. నాదీ గానుగే. కానీ నాకు డబ్బులొస్తాయి, నీకేమొస్తాయే?”

“నాణేలు.”

“వాటితో దారపుండ వస్తుందా?”

వేళాకోళం చేశాడు గానీ, పెళ్ళాం బొటనవేలు వాచిపోవడం చూసి జాలిపడ్డాడు. ఏడు లక్షలు చేరిన బుధవారం నాడు, లాగులకు వేసే ఎలాస్టిక్ ముక్కతో యాక్సిలరేటరు మీట బిగించి కట్టేశాడు. బండి దానంతటదే గోడకు రాసుకుంటూ తిరుగుతుంది, ఆఖరున వస్తుంది, అయినా రెండు వేలిస్తారు.

“ఇక నువ్వెళ్ళి టీ తాగు.”

వెళ్తేగా! డ్రైవరు లేని బండిని వదిలి వెళ్ళడం ఆవిడ వల్ల కాలేదు. దాని ముందే కూర్చుని, గోడ వచ్చినప్పుడల్లా నేలను తన్నుతూనే ఉంది. కింద వాటావాళ్ళు మళ్ళీ వచ్చారు. భర్త ఎలాస్టిక్ విప్పి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు మూలిగే నక్క మీద తాటిపండు పడింది. బండ్లను వాటంతటవే తిరగనిచ్చేవాళ్ళు ఎక్కువయ్యారని, గేమ్‌వాళ్ళు ఆ పందెం సొమ్ము సగానికి సగం కోసేశారు.

“ఒక్కరోజే కదండీ కట్టింది!” అంది బ్రేకక్క దొంగలా. ఇంకా ఐదు లక్షలు కావాలి. నూటపది పందేలకు పైగా గెలవాలి. ఉన్నవి మూడు రోజులు.

శుక్రవారం అసలు బండి వెళ్ళిపోయింది. ఎవరూ నడపలేదు. తాడు కట్టి లారీలోకి లాగారు. ఎడమ సీటు ముందు రబ్బరు పట్టా మీద ఆవిడ మడమ తొలిచిన గుంట అలాగే ఉంది. ఓనరుగారు కొత్త బండి తాళాలు చూపిస్తుంటే బ్రేకక్క తలూపింది గానీ ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. కోపంగా ఇంటికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఇంకా ఏమేం కోశారో తేల్చుకుందామని ఆ పందెం నిబంధనలన్నీ వరసగా చదివింది. అట్టడుగున, ఎవరూ చదవని చోట, ఒక వాక్యం దొరికింది. ఏ బండికీ, దేనికీ తగలకుండా పందెం పూర్తిచేస్తే రెండు వేలు అదనం. వరసగా అలాగే చేస్తే ప్రతిసారీ రెట్టింపు. మొదటొచ్చినా ఆఖరొచ్చినా ఒకటే.

“అది ఎవరికీ రాదమ్మా,” అంది కూతురు. “మనం తగలకపోయినా వెనకనుంచి ఎవడో గుద్దుతాడు. గుద్దితే మళ్ళీ రెండు వేల దగ్గరికే.”

“వెనకవాడు గుద్దుతాడనే కదే అద్దం పెట్టింది!”

దర్జీ సుద్దముక్కతో గుడ్డ మీద లెక్క వేశాడు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు... వరసగా ఎనిమిదిసార్లు తగలకపోతే ఐదు లక్షల పదివేలు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

అంతే, బ్రేకక్క పక్కబండ్లను గుద్దడం మానేసి, పగలు నేర్పే పాఠాన్ని సాయంత్రం తనే అప్పజెప్పడం మొదలుపెట్టింది. మలుపుకు ముందే వేగం తగ్గించడం, క్షణానికోసారి అద్దం చూడటం, దూసుకొచ్చేవాడికి పక్కకు జరిగి దారివ్వడం. పందెంలో దారిచ్చే మనిషిని ఎప్పుడూ చూడనివాళ్ళు ముందు హారన్లు కొట్టారు, తర్వాత వాళ్ళ దారిన వాళ్ళు పోయారు. శనివారం మూడోదాంట్లో ఒకడు గుద్దాడు. ఇంకోసారి ఆరోదాంట్లో తనే గట్టు గీరింది.

ఆదివారం నాలుగింటికి మళ్ళీ మొదలుపెట్టింది. భర్త మిషను ఆపేసి, కుట్టాల్సిన కాలరు చేతిలో పట్టుకునే వచ్చి ఆవిడకు ఎడమ పక్కన కూర్చున్నాడు. ఒకటి, రెండు, మూడు... ఏడు. అన్నింట్లోనూ ఆఖరే, అన్నీ తగలకుండానే. ఎనిమిదోదాంట్లో చివరి చుట్టు. వంతెన దాటి మలుపు తిరిగేసరికి ఎవరిదో ఎర్రబండి జారి రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయి ఉంది.

ఎడమ కాలు నేలను ఠపీమని తన్నింది. ఈసారి వేలు కూడా నొక్కింది. బండి జానెడు దూరంలో ఆగింది. ఎర్రబండివాడు సర్దుకుని, రెండుసార్లు హారను కొట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ నిదానంగా వెనకే వెళ్ళి ఆఖరున గీత దాటింది. నాణేలు గలగలమని రాలుతుంటే కూతురు గంతులేసింది.

“గంతులు తర్వాత. ముందు కొట్టు తెరువే!” అంది బ్రేకక్క. అప్పటికి ఐదూ నలభై.

సముద్రం పక్కన ఖాళీ రోడ్డు. తెల్లబండి. ఎదురుగా స్టీరింగు. ఎడమ సీటు ఖాళీగా ఉంది, దాని కింద రెండో బ్రేకు లేదు. మొదటి గేరు, రెండు, మూడు. ఇంజను అరుస్తోంది. ఆ అరుపు ఆవిడకు పందొమ్మిదేళ్ళుగా తెలుసు, అక్కడితోనే ఆగిపోయేవాళ్ళు అందరూ.

“వెయ్యమ్మా,” అంది కూతురు.

నాలుగో గేరు వేసింది. అరుపు ఆగిపోయింది. బండి హాయిగా, మెత్తగా సాగింది. అరవై, డెబ్బై, ఎనభై. ఏ తలుపూ ఊడలేదు. బ్రేకక్కకు పట్టరాని సంతోషమేసింది, కళ్ళు చెమర్చాయి, అయినా అద్దం చూడటం మానలేదు.

దూరంగా ఒక మలుపు కనబడింది. ఆవిడ కాలు కదల్లేదు, కానీ పక్కనుంచి ఠపీమని చప్పుడైంది. చూస్తే, భర్త కాలరు గుండెకు అదుముకుని, ఎడమ కాలితో నేలను బలమంతా పెట్టి తొక్కుతున్నాడు.

“కాలు తీయండి,” అంది బ్రేకక్క. “భయపడకండి, నేనున్నాగా.”