మామగారి నారుమడికి పట్టిన తెగులు

మా మామగారు పోయారు. రేపల్లెలో మేముంటున్న వాటాలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. మా మరిది తెనాలి నుంచి బస్సులో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "వదినా, నాన్న తెల్లవారుజామున వెళ్ళిపోయారు" అన్నాడు. చేటలో బియ్యం అలాగే వదిలేసి బయలుదేరాం. మా అత్తవారి ఊరు అంగలకుదురు చేరేసరికి వాకిట్లో పట్టుమని పదిమంది లేరు. ఒకప్పుడు ఆ వాకిట్లో పొద్దున్నే జనం కిటకిటలాడేవారు. ఆయన్ని ఎరగని మీకు ఆ సంగతి చెప్పాలనిపించింది.

ఆయన నారు పోసి అమ్మేవారు. వంగ, టమాటా, మిరప. నేను కాపురానికి వచ్చిన అరవైల్లో అమృతలూరు నుంచి కూడా రైతులు ఆయన నారు కోసం వచ్చేవారు. తడిపిన అరటినారతో కట్ట కట్టి, పైన ఇంకో గుప్పెడు పెట్టి, "దారిలో కొన్ని వాడతాయి బాబూ, ఉంచు" అనేవారు. నాతో మాత్రం, "వాళ్ళు కొనేది మొక్కని కాదమ్మాయ్, రేపటి కాపుని" అనేవారు.

ఒక ఏడు మా సొంత వంగతోట ఎదగలేదు. మధ్యాహ్నానికి తలలు వాల్చేసేది, సాయంత్రానికి తేరుకునేది. నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పెట్టారు. ఎరువు వేశారు. ఆకులు పసుపుపచ్చగా అయిపోయాయి. చివరికి విసుగొచ్చి ఒక మొక్క పీకారు. వేళ్ళనిండా బుడిపెలు, అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. మామగారు నారుమడిలోకి నడిచి ఒక లేతమొక్క పీకారు. దాని వేళ్ళకీ ఉన్నాయి, ఆవగింజలంత.

ఆ మొక్కలు తడిగోనెలో చుట్టుకుని బాపట్ల వెళ్ళాం. నా పుట్టిల్లు అక్కడే కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. వ్యవసాయం చదువుకున్న ఒక సార్ బుడిపె కోసి భూతద్దంలో చూశారు.

"నులిపురుగులండి. వేరులో దూరి ఇలా ఉబ్బిస్తాయి. బంగాళాదుంప పండే చోటయితే దుంప ఒంటినిండా పొక్కులే."

"మందు లేదాండి?"

"ఉంది గానీ మీరు పొలమంతా వేయించలేరండి. వేసవిలో దున్ని ఎండబెట్టండి. వరి వేసి నీళ్ళు నిలపండి. తగ్గుతాయి, పూర్తిగా పోతాయని చెప్పలేను."

"ఒక చేలోంచి ఇంకో చేలోకి ఎలా పోతాయండి?"

"మట్టితో. ఎక్కువగా నారుతోనే."

మామగారు మొక్కల్ని మళ్ళీ గోనెలో చుట్టుకుని లేచారు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఇంటికి రాగానే, "మన నారు పట్టుకెళ్ళిన ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాలి" అన్నారు.

అత్తయ్యగారు నెత్తి కొట్టుకున్నారు. "నోరు మూసుకుంటే పోయేదానికి ఊరంతా చాటుకుంటారేంటి? రేపు మన గడప ఎవరు తొక్కుతారు?"

"తొక్కకూడదనే చెబుతున్నా."

మా ఆయన సైకిలు మీద ఎక్కించుకుని తిప్పారు. కొందరు తిట్టారు. ఒకావిడ కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. అమృతలూరులో ఒక కౌలురైతు చేనంతా వంగే వేశాడు. అతనన్న మాటలు మా ఆయన ఇంటికొచ్చి చెప్పారు.

"తెలిసే ఇచ్చావా పెద్దాయనా?"

"లేదయ్యా."

"మరి ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"నీళ్ళు చాలక ఎండిందనుకుని మళ్ళీ అందులోనే వంగ వేస్తావేమోనని వచ్చాను."

అతను పీకేసిన మొక్కల కుప్ప వైపు చూసి, "వెయ్యడానికి నా దగ్గర ఇంకేముంది?" అన్నాడట. ఆ వేసవిలో కౌలు వదిలేసి, ఇంటిల్లిపాదినీ తీసుకుని నిజాంపట్నంలో చేపలు ఎండబెట్టే పనికి వెళ్ళిపోయాడు. ఆ కబురు తెలిసిన పూట మామగారు కంచం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

నారుమడి తగలబెట్టారు. ఆ నేలలో వరి వేశారు. చుట్టుపక్కల నారు పోసే మిగతావాళ్ళ మడుల్లోనూ అదే తెగులుండేది. వాళ్ళు నోరు విప్పలేదు. జనం వాళ్ళ దగ్గరికే వెళ్ళారు. మామగారు ఎవరి మీదా ఒక్క మాట అనలేదు. ఇంకొకరి పొలంలో కాలు పెట్టాల్సి వస్తే మాత్రం కాలవలో దిగి, వేళ్ళ సందులు కూడా రుద్ది కడుక్కునేవారు. చూసినవాళ్ళు చాదస్తమని నవ్వేవారు. అత్తయ్యగారు ఈనాటికీ ఆయన చేసింది తప్పనే అంటారు. నాకు మాత్రం ఆయన కోడలినని చెప్పుకోవడం ఇష్టం.

కిందటి వేసవిలో వెళ్ళినప్పుడు ఆయన దొడ్లో గట్టు మీద కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. పక్కనే మొలిచిన తోటకూర మొక్క ఒకటి పీకి, వేళ్ళు ఎండకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. మజ్జిగ ఇద్దామని వెళ్ళినదాన్ని వెనకాలే ఆగిపోయాను. ఆ సన్నటి వేళ్ళకి బుడిపెలు.

ఆయన రాలిన మట్టితో సహా దాన్ని తువ్వాలు కొంగులో మూట కట్టుకున్నారు. గోడ పట్టుకుని మెల్లగా వంటింట్లోకి వచ్చారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. వంగి, ఆ మొక్కని మంటలోకి తోశారు. పచ్చివేరు చిటపటమంటూ నురగ కక్కింది. అది నల్లగా మాడిపోయేదాకా, పొగకి కళ్ళు మండుతున్నా, ఆయన అక్కడే వంగి నిలబడ్డారు.