రంగు పెట్టని రింగు

నిన్న మధ్యాహ్నం మా రాజు నెంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏటిరా, తిన్నావా" అన్నాను.

వేరే గొంతు. "మాషీమా, మీ అబ్బాయి నిచ్చెన మీంచి పడిపోయినాడు" అని బెంగాలీలో చెప్పినాడు.

నేను పుట్టింది ఖరగ్‌పూర్‌లోనే. బెంగాలీ నాకు బాగానే వచ్చు. అయినా ఆ మాట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పినాడు.

మేం ఆస్పత్రికి వెళ్ళేసరికి నా కొడుకు లేడు.

మా అప్పలరాజు ఇది చదివే మీ అందరికీ తెలుసు. మన తాల్‌బగీచా పేటలో ఎన్ని బాత్రూమ్‌ల్లో వాడు వేసిన పైపులున్నాయో. ఈ మధ్య వచ్చిన వంగే ప్లాస్టిక్ పైపులంటే వాడికి మహా ఇష్టం. పైపుకి రాగి రింగు తొడిగి, లోపల ఇత్తడి ముక్క దూర్చి, పెద్ద పట్కారుతో ఆ రింగుని నొక్కేస్తాడు. ఇంక ఊడదు.

నొక్కినాక గేజ్ అని ఒక కొలత బిళ్ళ పెట్టి చెక్ చేస్తాడు. గేజ్‌లో రింగు సరిగ్గా కూర్చుంటేనే పాస్. లేదంటే కోసి పారేసి కొత్తది.

పాస్ అయిన రింగు మీద మా కోడలు గౌరి గోళ్ళరంగు ఒక చుక్క పెడతాడు. ఎర్రది.

అది వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడు. మా ఆయన రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరైనారు. అక్కడ నట్టు బిగించి చూసినాక పెయింట్‌తో గీత గీస్తారు. గీత లేదంటే ఆ నట్టు ఇంకా చూడలేదని.

గౌరి తిట్టేది. "అత్తా, నా గోళ్ళకి గతి లేదు గానీ మీ అబ్బాయి పైపులకి రోజూ సింగారమే."

పోయిన ఎండాకాలం మా ఇంట్లో పైపు మార్చినాడు. పొయ్యి మీద పప్పు ఉంది, నీళ్ళు వదలరా అంటే వదల్లేదు.

"రంగు ఆరనీ అమా."

"పైపుకి పెళ్ళా ఏటిరా?"

"పెళ్ళే. తొందరపెడితే పీటల మీంచి లేచిపోద్ది."

పప్పు మాడింది. రంగు ఆరినాకే నీళ్ళిచ్చినాడు.

నాకు అనుమానం ఎక్కువని మీరు నవ్వుతారు. వాడూ నవ్వేవాడు, "మా అమ్మ ఉప్పు డబ్బాని కూడా నమ్మదు" అని.

కానీ వాడికి వచ్చింది నా గుణమే. వాడి చేతిని వాడే నమ్మేవాడు కాదు. అందుకే గేజ్. అందుకే రంగు.

నిన్న సాయంత్రం, బెంగాలీ అలవాటున అందరం దాదా అని పిలిచే కాంట్రాక్టర్ మా ఇంటికొచ్చినాడు. హిజ్లీ వైపు రాజు పని చేస్తున్న కొత్త ఇల్లు ఆయన కట్టిస్తున్నదే. రుమాల్లో ఒక పైపు ముక్క చుట్టి తెచ్చినాడు. చివర రింగు ఉంది.

"మాషీమా, ఊడిపోయిన జాయింట్ ఇదే. నీళ్ళు మొహం మీద కొట్టి పడిపోయినాడు. జాయింట్ తనే చేసినాడు, పంప్ వెయ్యమని తనే కేకేసినాడు. ఎవర్ని ఏటంటాం?"

నేను అడగలేదు. అడగకముందే ఎందుకు తెచ్చినాడు?

కొడుకు పోయిన ఇంటికి ఎవరైనా పైపు ముక్క తెస్తారా?

గుమ్మం దగ్గరే నిలబడినాడు. రాజు ఫోటో వైపు చూడలేదు. "పంప్ ఎవరు వేసినారు దాదా" అంటే "ఎవరో లేబర్" అన్నాడు. ఏ లేబర్ అంటే ఫోన్ వచ్చిందని బయటికి పోయినాడు. ఫోన్ మోగడం నేనైతే వినలేదు.

మా ఆయన లేచినారు. కళ్ళజోడు పెట్టుకుని ఆ ముక్కని లైటు కిందికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసినారు.

"దీనికి రంగు లేదే" అన్నారు.

దాదా మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, "మర్చిపోయుంటాడు" అన్నాడు.

అన్నం తినడం మర్చిపోయేవాడు. నా మందులు మర్చిపోయేవాడు. పెళ్ళిరోజు మర్చిపోయి గౌరి చేత మాటలు పడినాడు.

రంగు మర్చిపోయేవాడు కాదు.

ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన బట్టల్లో, వాడి చొక్కా జేబులో, ఆ రంగు సీసా ఉంది. మూత బిగించే ఉంది.

అంటే ఆ జాయింట్ నొక్కినాడు గానీ ఇంకా గేజ్ పెట్టి చూడలేదు. సొంత అమ్మ పప్పు మాడినా నీళ్ళు వదలనోడు, చూడని జాయింట్ మీదకి పంప్ వెయ్యమంటాడా?

దాదా వెళ్తూ ఆ ముక్క తిరిగి ఇమ్మన్నాడు. "మీకెందుకు మాషీమా, చూస్తే బాధ" అన్నాడు.

నా బాధ గురించి ఆయనకెందుకంత?

ఇవ్వలేదు. కొంగున కట్టుకున్నాను.

పోలీసు థానాలో కూడా తప్పు రాజుదే అని చెప్పినాడంట. రేపు ఊరంతా అదే అంటారు. వాడు వేసిన పైపుల్లో నీళ్ళు పట్టుకుంటూనే అంటారు.

ఆ ఇంటి పనిలో మన తెలుగోళ్ళు కూడా ఉన్నారు. ఈ పొద్దున్న వాడిని మోయడానికి వచ్చినారు. భుజం పట్టినారు గానీ నా మొహం చూడలేదు.

ఆ పనిలో ఉన్న మీరూ ఈ పోస్ట్ చదువుతారు, నాకు తెలుసు. పంప్ వేసింది ఎవరు, వెయ్యమన్నది ఎవరు, చెప్పండి. ఎవర్నీ జైల్లో పెట్టించాలని నాకు లేదు. "రాజు వెయ్యమనలేదు" అన్న ఒక్క మాట చాలు.

ఇందాక గౌరి ఆ సీసా పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "ఆయన పెట్టాల్సిన చుక్క నేను పెడతాను అత్తా" అంది. మూత తియ్యబోయింది.

"వద్దు తల్లీ. వాడు చూడలేదు కదా. అలాగే ఉండనీ" అన్నాను.

రాజూ, పని సగంలో ఉండిపోయిందని దిగులు పెట్టుకోకు. ఇంక పడుకో నాన్నా. నీకు శాంతి దొరకాలి.

నాకు ఇప్పుడే వద్దు.