దిష్టిమూట వెనుక రేకు

మొన్న మనవరాలు ఆడుకుంటూ నా అయస్కాంతాన్ని కొత్త స్టీలు బిందెకు అంటించబోయింది. అది అంటుకోక జారి, బండ మీద టంగుమని పడింది. ఆ చప్పుడుకు పరుగున వెళ్లి దాన్ని ఎత్తుకున్నాను. అది విఠల్ సారు అయస్కాంతం.

పంతొమ్మిది వందల నలభైలలో వరంగల్‌లోని ఒక బట్టల మిల్లులో ఆయన ఇంజనీరు, నేను వెల్డర్ని. తేజాబు, అంటే యాసిడ్, కలిపిన వేడి రంగునీళ్ల కోసం స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టి తెప్పించారు. దాని అతుకు నేనే వేశాను. సారు అయస్కాంతాన్ని దారానికి కట్టి తొట్టి వెంట జరిపారు. రేకు దగ్గర ఊరకే వేలాడిన ముక్క అతుకు దగ్గర కాస్త ఒరిగింది.

"చూసినవా సాయిలూ, గా జర గుంజేదే ఫెర్రైట్, అతుకుల కలిసే ఓ తీరు ఇనుము. అసలే లేకుంటే అతుకు పగుల్తది. ఎక్కువైతే తేజాబు దాన్ని తింటది. నీది సరిగ్గున్నది" అన్నారు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

కొత్త యంత్రానికి దిష్టి తగలకుండా గళ్ళుప్పు, ఎండుమిర్చి నల్లగుడ్డలో మూటగట్టడం మా మిల్లు ఆనవాయితీ. తొట్టి వెనుక, అతుకు కిందుగా, ఎవరో మూట బిగించారు. ఎవరని నేను అడగలేదు.

కొన్ని నెలలకు తొట్టి పగిలి, మరిగే రంగునీళ్లు నేలంతా పారాయి. పక్కన పనిచేస్తున్న మల్లమ్మ గట్టు మీదికి ఎక్కి బతికింది. మేనేజరు ఉరిమినట్టు అరిచాడు: "అతుకేసినోన్ని రేపటి నుంచి రావొద్దను!" ఇంట్లో బాలింత, పసిగుడ్డు కళ్ల ముందు మెదిలారు.

సారు మళ్లీ అయస్కాంతం జరిపారు. అతుకు దగ్గర మునుపటంతే ఒరిగింది. అతుకు చెక్కుచెదరలేదు. తర్వాత ఆయనే దిష్టిమూట విప్పారు. దాని వెనుక రేకంతా చిల్లులు, సన్నని పగుళ్లు. ఆవిరికి కరిగిన ఉప్పు, తుప్పే పట్టదనుకున్న ఉక్కును తినేసింది.

"ఎవడు కట్టిండు దీన్ని?" అని మేనేజరు గద్దించాడు.

"నేనే కట్టిన సాబ్. మా అమ్మ పంపింది, కాదనలేకపోయిన. ఉప్పు దీన్ని తింటదని తెలిసినోన్ని నేనే. సాయిలు పని సాఫ్ ఉన్నది" అన్నారు విఠల్ సారు.

వారం తిరగకుండానే ఆయనను తీసేశారు. డోర్నకల్ రైలుబండి ఎక్కుతూ అయస్కాంతం నా చేతిలో పెట్టారు. "ఫికర్ చెయ్యకు. ఒకల పనిని తప్పు పట్టేముందు దీన్ని పెట్టి చూడు" అన్నారు.

తర్వాత నా కింద చాలామంది పనిచేశారు. ఏది చెడినా ముందు నేను చేసిన పనినే విప్పి చూసుకున్నాను. ఆ రోజు సారు మూట విప్పకపోతే అడిగేవాడే లేడు. పోయేది నా ఉద్యోగమే.