గేటు పడాలని కోరుకున్న ఆవిరి మాస్టారు

ఇప్పుడు మీరు కారెక్కగానే మీట నొక్కుతారు, చల్లగాలి వస్తుంది, ముందు ఇంజను ఎంత వేడెక్కిందో ఎవరికీ పట్టదు. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో, తెనాలిలో మేమంతా పొయ్యి మీద అన్నం కన్నా ఎక్కువగా ఒక చిన్న సూదిని చూసుకుంటూ బతికాం, నాన్నలూ. ఇంజను వేడి ఎంతుందో చూపించే ఆ సూది మీ ముత్తాత, అంటే మా మామగారి ఎర్ర కారులోది. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక, బాపట్లలో ఒక డాక్టరుగారి షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఆ పాత విలాయతీ స్పోర్ట్సు కారును ముచ్చటపడి కొనుక్కొచ్చారు. రెండే సీట్లు, టాపు లేదు. పరిగెత్తినంతసేపూ లేడిపిల్లే. ఎక్కడైనా ఆగిందా, సూది ఎర్రగీత దాటేది, ముక్కులోంచి బుస్సుమని ఆవిరి. ఊళ్లో వాళ్లు ఆయనకు ‘ఆవిరి మాస్టారు’ అని పేరు పెట్టారు (ఆ పేరుతో పిలిస్తే పలికేవారు కూడా).

అలాంటి కారులో పెళ్లికి వెళతానంది మా ఆడపడుచు, మీరు రేపల్లె నాన్నమ్మ అంటారే, ఆవిడే. “నాన్నా, చర్చికి నీ కారులోనే వస్తా. అద్దె కారు తెస్తే అందులో నువ్వే కూర్చుని వెళ్లు” అంది. మామగారి కళ్లు మెరిశాయి. మా అత్తగారు మాత్రం, “తెల్లచీర కట్టుకుని ఆవిరి మీద ఇడ్లీలా దిగుతావంటే పిల్లా?” అన్నారు. ఆవిడ భయమూ నిజమే. పెళ్లి రేపల్లెలో, దారిలో రైలు గేటు. గేటు పడితే కారు ఆగాలి, ఆగితే ఉడకాలి. పెళ్లికూతురు ఆలస్యమైతే బంధువుల నోళ్లకు ఇక జీవితాంతం పని.

ఆ వేసవంతా మామగారు ఆ కారుకు జ్వరం తగ్గించే పనిలోనే ఉన్నారు. రేడియేటర్లు బాగుచేసే సాయిబుగారు, “ఇది చలిదేశం బండండీ మాస్టారూ, మన ఎండకి ఇంకో వరస గొట్టాలు కావాలండి” అంటే, ఇద్దరూ కలిసి గొట్టాలు వేయించారు. ఇంజను లోపల పేరుకున్న తుప్పు కడిగారు. కరెంటు ఫ్యాను బిగించారు. అయినా సూది దిగలేదు. ఒక సాయంత్రం నేను కుంపటి మీద మొక్కజొన్న కండెలు కాలుస్తూ విసురుతుంటే ఆయన తదేకంగా చూసి, “అమ్మాయ్, నీ గాలి సగం పక్కలకి పోతోంది చూడు” అన్నారు. నా విసరడానికి వంక పెడుతున్నారని మూతి ముడిచాను. తెల్లారేసరికి వంటింట్లో నా పప్పుల డబ్బా లేదు! పాత నూనెడబ్బాయే అది, దాని రేకును కత్తిరించి ఫ్యాను చుట్టూ గూడులా బిగించేశారు. ఇక గాలి పక్కలకు పోకుండా మొత్తం రేడియేటర్‌లోంచే రావాలన్నమాట. (పప్పులు పక్కింటివాళ్ల బకెట్లో ఉన్నాయి.)

ఇక పరీక్ష. మండుటెండలో రైలు వచ్చే వేళకు సరిగ్గా గేటు దగ్గరికి వెళ్లి, ఇంజను ఆపకుండా కూర్చునేవారు. అందరూ గేటు పడిందని తిట్టుకుంటుంటే, “రెండో రైలు కూడా ఉందేంటయ్యా?” అని గేటుమాన్‌ను ఆశగా అడిగేవారు. “మీకోసం రైళ్లు పుట్టించమంటారేంటండీ మాస్టారూ!” అనేవాడతను. సూది మాత్రం ఎర్రగీత వైపు కదిలేది కాదు.

పెళ్లిరోజు మామగారు నడుపుతున్నారు, పక్కన పెళ్లికూతురు, వెనక సామాన్ల సందులో ఆమె మేలిముసుగు పట్టుకుని ముడుచుకున్న నేను. తెనాలి దాటి హాయిగా వచ్చి, గేటు దగ్గర ఆగాం. సూది లేచింది! ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. మామగారి ముఖం పాలిపోయింది. “అన్నీ చేశానే...” అన్నారు. పెళ్లికూతురు తొంగి చూసి ఒక్క గెంతు గెంతి దిగింది. మేనత్తలు పొద్దున్నే కారు మూతికి బంతిపూల దండలు వరసలు వరసలుగా, గాలి దూరకుండా కట్టేశారు! (పెళ్లికారంటే మనవాళ్లకు ముందు పూలు కనపడాలి, తర్వాతే కారు.) “ముక్కు మూసేసి పరిగెత్తమంటే ఎలా నాన్నా!” అంటూ తెల్లచీరలోనే దండలన్నీ పీకేసింది. ఎక్కడ పెట్టాలో తోచక వాళ్ల నాన్న మెడలో వేసేసింది. సూది మెల్లగా దిగింది. గేటు లేచింది. చర్చి ముందు ముక్కులోంచి చుక్క ఆవిరి లేకుండా, వేళకు దిగాం. మెడ నిండా దండలతో దిగిన మామగారిని చూసి, “పెళ్లికొడుకు ఈయనేంటండీ?” అన్నారెవరో. ఆయన తలెత్తి నవ్విన ఆ నవ్వు నేను మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

ఆయనా లేరు, ఆ కారూ లేదు. మొన్న రేపల్లె వెళుతుంటే గేటు పడింది. డ్రైవరు ఇంజను ఆపబోయాడు. “ఉండనీ నాయనా, కాసేపు చూద్దాం” అన్నాను. “ఏం చూడాలండీ అమ్మగారూ?” అన్నాడు. ఇప్పటి కార్లలో ఆ సూదే లేదుట! అయినా ముందుకు వంగి, అది ఉండే చోటు వైపే చూస్తూ కూర్చున్నాను, రెండో రైలు కూడా ఉంటే బాగుండునని.